తిరుపతిలో జీతం మీద బతికేవాళ్లు ఇల్లు కొనే దారి ఉందా?

ప్రశ్న అడిగినవారు: ఎమ్మార్‌పల్లి అద్దెదారు

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదివి తెలిసింది చెప్పండి.

మేము ఎమ్మార్‌పల్లిలో రెండు బెడ్‌రూమ్‌ల ఇంట్లో అద్దెకు ఉంటున్నాం. నేను ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతాను, మా ఆవిడ ల్యాబ్ టెక్నీషియన్. ఇద్దరిదీ కలిపి నెలకు చేతికి 62,000 వస్తుంది. పాప ఒకటో తరగతి. అద్దె 13,000 కడుతున్నాం, కొత్త సంవత్సరం నుంచి 15,000 ఇవ్వాలని, కుదరకపోతే ఖాళీ చేయమని ఓనర్ చెప్పాడు. ఇచ్చేవాళ్లు రెడీగా ఉన్నారట. అది నిజమే అయ్యుంటుంది, ఎందుకంటే మా వీధిలో టూలెట్ బోర్డు పెడితే రెండు మూడు రోజుల్లో తీసేస్తున్నారు.

ఎలాగూ అద్దె పెరుగుతోంది కదా, ఆ డబ్బేదో ఈఎంఐ కట్టుకుందాం అని ఇళ్లు చూడటం మొదలుపెట్టాం. పేరూరు వైపు కడుతున్న అపార్ట్‌మెంట్‌లో 1,150 అడుగుల ఫ్లాటు 56 లక్షలు చెప్పారు, పార్కింగు, కరెంటు మీటరు, నీళ్ల కనెక్షన్ వేరు. ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు చెప్పిన ధర విని మళ్లీ ఆ వైపు వెళ్లలేదు. కరకంబాడి రోడ్డులో కాస్త తక్కువ, కానీ పాప స్కూలు, మా ఆవిడ నైట్ షిఫ్టులు చూసుకుంటే అక్కడి నుంచి రోజూ తిరగడం కష్టం. ఇక బ్రోకర్లేమో ఏర్పేడు దాటాక స్థలం కొనుక్కోమని వెంటపడుతున్నారు, ఐఐటీ వచ్చింది, ఐసర్ వచ్చింది, ఐదేళ్లలో రెట్టింపు అంటున్నారు. మా దగ్గర చీటీ పాడిన డబ్బు, ఎఫ్‌డీ, మా అత్తగారు ఇస్తానన్నది అన్నీ కలిపితే 12 లక్షలు ఉంటుంది.

నన్ను బాధపెట్టేది ఒకటుంది. మా నాన్న చిత్తూరులో గుమస్తాగా చేస్తూ ఒక్క జీతం మీద గ్రీమ్స్‌పేటలో ఇల్లు కట్టాడు. ఆ ఇంట్లో ఇప్పుడు మా అన్నయ్య వాళ్లు ఉంటున్నారు. మేము ఇద్దరం సంపాదిస్తూ కూడా మేము పని చేసే ఊళ్లో ఒక ఫ్లాటు కొనలేకపోతున్నామంటే లోపం ఎక్కడుంది? ఈ ఊళ్లో జీతాలు పెరగలేదు, మరి ఈ ధరలు ఎవరు పెట్టి కొంటున్నారు? తగ్గే వరకు ఆగితే మంచిదా, కొనాలంటే ఫ్లాటా, స్థలమా, ఎటు వైపు?


జవాబు: రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, తిరుచానూరు రోడ్డు

బాబూ, ఎవరు కొంటున్నారన్నది మిగతావాళ్లు చెబుతారు, నేను హోమ్ లోన్ల సెక్షన్లో చాలా కాలం చేశాను కాబట్టి లెక్క చెబుతాను.

56 లక్షల ఫ్లాటు అన్నారు. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు లోన్ అయితే రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఆస్తి విలువలో 80 శాతానికి మించి ఇవ్వరు, అంటే 44.8 లక్షలు. మిగిలిన 11.2 లక్షలు మీరు పెట్టాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలవదు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి, మొత్తం 7.5 శాతం, అంటే 4.2 లక్షలు. ఇంకా కడుతున్న ఫ్లాటు కాబట్టి జీఎస్టీ 5 శాతం, ఇంకో 2.8 లక్షలు. ధర చెప్పేటప్పుడు బిల్డర్లు ఈ జీఎస్టీ సంగతి ఎత్తరు, అగ్రిమెంటు రోజున బయటపడుతుంది. అన్నీ కలిపితే 18 లక్షలు పైన మీ జేబులోంచి రావాలి, మీ దగ్గర 12 ఉంది. పార్కింగు, వార్డ్‌రోబ్‌లు, వంటగది పని ఇందులో వేయలేదు.

సరే, ఆ డబ్బు ఎక్కడి నుంచో తెచ్చారనుకుందాం. 8 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే లక్షకు నెలకు 836 రూపాయలు పడుతుంది. 44.8 లక్షలకు 37,400 పైనే. మీ చేతికొచ్చేది 62,000. చేతికొచ్చే జీతంలో సగానికి మించి ఈఎంఐ పోయే లోన్‌ను బ్యాంకు ఒప్పుకోవడం కష్టం, ఒప్పుకున్నా మీరు తీసుకోకూడదు, ఎందుకంటే మీ ఇద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలు, ఒక జీతం ఆరు నెలలు ఆగితే ఇల్లు గడవదు. 20 ఏళ్లలో కట్టేది 90 లక్షలు, అందులో వడ్డీయే 45 లక్షలు.

ఇప్పుడు మీ అద్దె చూడండి. 13,000 చొప్పున ఏడాదికి 1,56,000. మీరుండే ఇల్లు కూడా 56 లక్షలే చేస్తుందనుకుంటే దాని మీద అది 2.8 శాతం. అంటే ఆ ఇంటి ఓనర్‌కు తన డబ్బు మీద ఎఫ్‌డీ వడ్డీ అంత కూడా అద్దెగా రావడం లేదు, మీరు ఆ ఇంటిని చాలా చవగ్గా వాడుకుంటున్నారు. అద్దె దండగ అని చుట్టాలు అనే మాట పట్టించుకోకండి, 13,000 కాదు 15,000 ఇచ్చినా ఈ ఫ్లాటు ఈఎంఐలో సగం లేదు. ఆ తేడాలో కొంతైనా నెలనెలా దాచగలిగితే మీరు నష్టపోయేదేమీ లేదు.

వడ్డీ తగ్గింది కదా అంటారేమో. రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, 2025లో 6.5 నుంచి 5.25కు దిగింది, నిజమే. కానీ 2022 మేలో 4 ఉన్నది 2023 ఫిబ్రవరికల్లా 6.5 అయింది, అప్పుడు లోన్ తీసుకున్నవాళ్లకు ఈఎంఐ పెరగడమో, కట్టాల్సిన ఏళ్లు పెరగడమో జరిగింది. 2019 అక్టోబరు తర్వాత బ్యాంకులిచ్చిన ఫ్లోటింగ్ హోమ్ లోన్లన్నీ బయటి రేటుకు కట్టి ఉంటాయి, బ్యాంకుల్లో ఎక్కువ భాగం రెపోకే కడతాయి, దిగినట్టే ఎక్కుతుంది కూడా. ఈ రోజు వడ్డీ చూసి 20 ఏళ్ల నిర్ణయం తీసుకోకండి.


జవాబు: కొర్లగుంట అమ్మాయి

తమ్ముడూ, ఎవరు కొంటున్నారు అన్నావు కదా, దానికి నేను చెబుతా. నేను ఇక్కడే పుట్టి పెరిగాను, మా వీధి ఎలా మారిందో కళ్లారా చూశాను.

ముందు మన ఊరి నేల సంగతి చూడు. ఉత్తరం వైపు కొండ, అడవి, అటు ఒక్క ఇటుక కూడా వేయలేరు. ఊరి మధ్యలో ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ, వెటర్నరీ, వ్యవసాయ కాలేజీ, టీటీడీ ఆఫీసులు, సత్రాలు, ఆస్పత్రులు, పెద్ద పెద్ద స్థలాలన్నీ వాటివే. అవి ఊరికి అన్నం పెట్టే సంస్థలు, వాటిని తప్పు పట్టడం లేదు, కానీ ఇళ్లకు మిగిలిన నేల తక్కువ. అందుకే తూర్పున రేణిగుంట, కరకంబాడి వైపు, దక్షిణాన తిరుచానూరు, అవిలాల వైపు, పడమర పేరూరు, చంద్రగిరి వైపు పరిగెత్తడం తప్ప దారి లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రం అయ్యాక కలెక్టరేట్, ఎస్పీ ఆఫీసు, వాటి వెంట ఉద్యోగులు కూడా వచ్చారు. రేణిగుంట ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో పని చేసే పిల్లలు గదులు పంచుకుని ఉంటున్నారు.

అయినా వీళ్లందరూ జీతాలవాళ్లే, వీళ్ల వల్ల అద్దె పెరుగుతుంది కానీ 56 లక్షల ధర రాదు. ఆ ధర వచ్చేది బయటి డబ్బుతో. స్వామి పాదాల దగ్గర ఒక ఇల్లు ఉండాలని చెన్నైవాళ్లకు, బెంగళూరువాళ్లకు, అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక కోరిక. భక్తి మంచిదే. కానీ ఏడాదికి రెండు మూడు సార్లు దర్శనానికి వచ్చి నాలుగు రోజులు ఉండి తాళం వేసి వెళ్లిపోయే ఇంటికి వాళ్లు ఇచ్చే ధరను ఇక్కడ రోజూ బతికే లెక్చరర్, నర్సు, ఆర్టీసీ కండక్టర్ ఎలా ఇవ్వగలరు?

దీని మీద ఇంకొకటి, రోజు అద్దెలు. మా అపార్ట్‌మెంట్‌లో కుటుంబాలు ఉన్న ఫ్లాట్లు ఒక్కొక్కటిగా యాత్రికులకు రోజువారీ ఇచ్చేవిగా మారిపోతున్నాయి. రోజుకు 2,000 వస్తే నెలలో ఏడెనిమిది రోజులు నిండినా నీ నెల అద్దె అంత వచ్చేస్తుంది. కొండకు రోజూ వేల మంది వస్తున్నారు కాబట్టి ఆ ఏడెనిమిది రోజులు నిండకుండా ఉండవు. ఓనర్ కుటుంబానికి ఎందుకిస్తాడు? తెల్లవారుజామున మూడింటికి లిఫ్టు చప్పుడు, సూట్‌కేసుల చప్పుడు, మోటారు రెండింతలు తిరుగుతుంది, నీళ్లు చాలవు, ఆ కరెంటు బిల్లు మాత్రం కాపురం ఉన్నవాళ్ల మీద సమానంగా పడుతుంది. అసోసియేషన్‌లో గట్టిగా మాట్లాడదామంటే మీటింగుకు వచ్చే ఓనర్లే లేరు. ఇల్లు కొనేముందు ఆ బిల్డింగులో ఎన్ని ఫ్లాట్లు రోజు అద్దెకు ఇస్తున్నారో వాచ్‌మన్‌ను అడుగు. ధర కంటే ముందు అది అడుగు.

తగ్గుతాయా అంటే, నాకైతే ఆ ఆశ లేదు. కొన్నాళ్లు ఆగుతాయి, కొనేవాళ్లు లేక బోర్డులు కనపడతాయి, అయినా ధర దించరు. అమ్మాల్సిన అవసరం ఉన్నవాడైతే కదా దించేది.


జవాబు: చెన్నై, అంబత్తూరు

కొర్లగుంట అక్కా, మీరు చెప్పినవాళ్లలో నేనూ ఒకడిని కాబట్టి మాట్లాడుతున్నా. మాది పాకాల దగ్గర పల్లె. ఉద్యోగం చెన్నైలో. అమ్మానాన్నలకు వయసు పైబడుతోంది, స్విమ్స్, రుయా ఆస్పత్రులకు దగ్గర్లో ఉంటే మంచిదని తిరుపతిలో ఫ్లాటు కొన్నాను. వాళ్లు ఇంకా ఊరు వదిలి రావడం లేదు, అందుకే ఎక్కువ రోజులు తాళమే. పెట్టుబడి కోసం కొనలేదు. బయటివాళ్లం అందరం ఒకటే కాదు, మాలో సగం మంది ఈ జిల్లాలో పుట్టి పని కోసం వెళ్లినవాళ్లమే. కుటుంబానికి అద్దెకు ఇద్దామనే ఉంది కానీ రేపు అమ్మకు ఒంట్లో బాగాలేక అవసరం పడితే ఖాళీ చేస్తారా అని భయం.


జవాబు: కొర్లగుంట అమ్మాయి

మీ పరిస్థితి అర్థమైంది అన్నా, మిమ్మల్ని అనలేదు. కానీ ఆ భయంతో తాళం వేయకండి. 11 నెలల అగ్రిమెంటు రాసుకోండి, రెండు నెలల నోటీసు అని అందులో పెట్టండి, ఇక్కడ పని చేసే కుటుంబానికి ఇవ్వండి. తాళం వేసిన ఇల్లు పాడవుతుంది కూడా. మీలాంటివాళ్లు పది మంది ఇచ్చినా ఎమ్మార్‌పల్లి తమ్ముడిలాంటివాళ్లకు ఓనర్‌తో బేరం ఆడే వీలుంటుంది.


జవాబు: దస్తావేజు లేఖరి

నేను డాక్యుమెంట్లు రాసేవాడిని. ధర సంగతి మీరు మాట్లాడుకున్నారు, కాగితాల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే తక్కువ ధరకు వస్తోందంటే మన దగ్గర చాలాసార్లు కారణం కాగితాల్లోనే ఉంటుంది, జీతం డబ్బుతో కొనేవాళ్లే అందులో ఇరుక్కుంటున్నారు.

ఏర్పేడు స్థలం గురించి. ముందు కొలత. మన తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు లెక్కలో అంకణం 72. 2022లో సూళ్లూరుపేట, వెంకటగిరి వైపు మన జిల్లాలో కలిశాయి, ఇప్పుడు ఒకే జిల్లాలో రెండు అంకణాలు. నాయుడుపేట వైపు వెళ్లేకొద్దీ ఏ అంకణమో అడగకుండా ధర పోల్చకండి. బోర్డు మీద అంకణం ధర రాస్తారు, అగ్రిమెంటులో గజాలు రాస్తారు. మన అంకణానికి 4 గజాలు, సెంటుకు 12 అంకణాల పైచిలుకు, ఇది ఫోన్‌లో లెక్క వేసుకుని చూడండి.

తర్వాత భూమి ఏ రకం. మన వైపు డీకేటీ పట్టాలు, అంటే అసైన్డ్ భూముల పట్టాలు, చాలా ఎక్కువ. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి అమ్మకుండా, కొనకుండా 1977 చట్టం ఉంది. తర్వాత వచ్చిన మార్పులు ఏవేవో చెప్పి ఇప్పుడు అమ్మొచ్చు అని బ్రోకర్ అంటాడు, నోటిమాట నమ్మకండి, ఆ సర్వే నంబరు మీద రిజిస్ట్రేషన్ జరుగుతోందా లేదా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చూపించమనండి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితా ఉంటుంది, ప్రభుత్వ భూములు, దేవాదాయ భూములు అందులో ఉంటాయి. తిరుపతి చుట్టూ హథీరాంజీ మఠం భూముల గొడవలు ఎన్ని ఏళ్లుగా నడుస్తున్నాయో ఊళ్లోవాళ్లకు తెలుసు, కాబట్టి సర్వే నంబరు తెలియకుండా అడ్వాన్సు ఇవ్వనే వద్దు. ఇల్లు కట్టుకుని, కరెంటు మీటరు ఉండి, పన్ను కడుతున్నంత మాత్రాన భూమి మీదైపోదు.

ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది ఆఫీసులో మాన్యువల్‌గా తీయించాలి. చాలామంది 13 ఏళ్ల ఈసీ చూసి సరిపెట్టుకుంటారు. సరిపోదు. లింకు డాక్యుమెంట్లు ఎక్కడ మొదలయ్యాయో అక్కడి వరకు వెళ్లండి, అన్నదమ్ముల భాగపరిష్కారం ఉంటే ఆడపిల్లలు సంతకం పెట్టారో లేదో చూడండి, మేము చూసే తగాదాల్లో ఎక్కువ అక్కడ పుట్టేవే. లేఅవుట్ అయితే తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు, అడిగి, తుడా ఆఫీసుకు వెళ్లి సరిచూసుకోండి. కాగితం మీద ఎల్పీ నంబరు వేయడం ఎవరికైనా చేతనవుతుంది.

ఇక నీళ్ల విషయం. తిరుపతిలో ఇల్లు కొనేవాళ్లు 2021 నవంబరు మర్చిపోకూడదు. ఆ వానలకు ఊళ్లో వీధులు కాలువలయ్యాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లవాళ్లను ఖాళీ చేయించారు, తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి ఒడ్డున కట్టిన ఇల్లు నీళ్లలోకి ఒరిగి కూలిపోయిన వీడియో అందరూ చూశారు. కొండ మీద పడ్డ వాన కిందికి దిగే దారులు ఈ వంకలే, వాటి మీద మట్టి పోసి ప్లాట్లు వేశారు. ఎఫ్ఎంబీ, అంటే సర్వే కొలతల పటం, తీసి చూస్తే వంక పోరంబోకు గీత ఎక్కడుందో కనబడుతుంది. అక్కడి చిల్లర కొట్టు అతన్ని, టీ అంగడి అతన్ని ఆ నవంబరులో నీళ్లు ఎంత వరకు వచ్చాయో అడగండి. వాళ్లు నిజం చెబుతారు.

కొత్త ఫ్లాటు అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) నంబరు అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, 8 ఫ్లాట్లకు మించి గానీ కడితే రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అగ్రిమెంట్ ఫర్ సేల్ రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి డబ్బు తీసుకోకూడదు. మీ 1,150 అడుగుల్లో కార్పెట్ ఏరియా, అంటే లోపల నిజంగా వాడుకునే చోటు, ఎంతో రాసివ్వమనండి, గోడలు, మెట్లు, లిఫ్టు కాడ స్థలం అన్నీ కలిపి అమ్ముతారు, లోపల మీ మంచం వేసుకునే చోటు బాగా తగ్గుతుంది.


జవాబు: చెర్లోపల్లి

నాది వేరే అభిప్రాయం. ఫ్లాటు వద్దు అన్నా. ఏర్పేడు కూడా వద్దు. చంద్రగిరి వైపు లోపలి ఊళ్లలో రెండు సెంట్లు తుడా లేఅవుట్‌లో కొని పెట్టుకో, కింద ఒక పోర్షన్ కట్టుకో, పైన తర్వాత. మేము అలాగే చేశాం, మొదట ఒక హాలు, వంటిల్లు, ఒక గది. సున్నం కూడా వేయకుండా చేరిపోయాం. ఏటా బోనస్ వచ్చినప్పుడు కొంచెం కొంచెం చేసుకున్నాం. ఫ్లాటుకు వయసు పెరిగేకొద్దీ విలువ తగ్గుతుంది, నేలకు పెరుగుతుంది. కష్టం ఉంది, కాదనను, ఎండాకాలంలో బోరు ఎండితే ట్యాంకరు కొనాల్సిందే, తెలుగు గంగ నీళ్లు పైపులో వచ్చేది ఊళ్లోవాళ్లకే, మా వైపు రాలేదు. బస్సు సాయంత్రం ఏడు దాటితే తక్కువ. కానీ గోడ మీద మేకు కొట్టడానికి ఎవరినీ అడగక్కర్లేదు.


ప్రశ్న అడిగినవారు: ఎమ్మార్‌పల్లి అద్దెదారు

అందరికీ చాలా థ్యాంక్స్. బ్యాంకు సార్ లెక్క మా ఆవిడకు చదివి వినిపించాను, పేరూరు ఫ్లాటు ఆలోచన మానుకున్నాం.

చెర్లోపల్లి అన్నా, మీరు చెప్పింది మనసుకు నచ్చింది, కానీ మా ఆవిడ డ్యూటీ అయ్యేది ఒక్కోసారి రాత్రి పదింటికి. ఆ వేళ ఒంటరిగా స్కూటీ మీద లోపలి రోడ్డులో రావడం నాకు ఇష్టం లేదు. అందుకని ఊళ్లోనే ఉండాలి అనుకుంటున్నాం.

లేఖరి సార్, ఒకటి అడగాలి. బైరాగిపట్టెడలో పాత ఫ్లాటు ఒకటి అమ్మకానికి ఉందని మా కొలీగ్ చెప్పారు. 950 అడుగులు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు, కట్టి 20 ఏళ్లు కావొస్తోంది. 34 లక్షలు చెబుతున్నారు, అందులో కొంత క్యాష్‌గా ఇవ్వమంటున్నారు. వాచ్‌మన్‌ను అడిగాను అక్కా, ఒక్క ఫ్లాటు తప్ప మిగతావన్నీ కుటుంబాలే. ఇలా పాతది కొనడం సరైనదేనా?


జవాబు: రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, తిరుచానూరు రోడ్డు

ఇది మీ జీతానికి సరిపోయే ఇల్లు బాబూ. 25 లక్షలు లోన్ పెట్టుకుంటే అదే 8 శాతం, 20 ఏళ్ల లెక్కన ఈఎంఐ 20,900. చేతి నుంచి 9 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 2.55 లక్షలు, మీ 12 లక్షల్లో సరిపోతుంది. పూర్తయిన పాత ఫ్లాటుకు జీఎస్టీ లేదు. అయితే 12 లక్షలూ ఊడ్చి పెట్టేస్తే చేతిలో ఏమీ మిగలదు, బేరం ఆడి ఓ లక్షన్నర తగ్గించుకోండి, అది ఎఫ్‌డీలో ఉంచండి.

25 లక్షలు అని ఊరికే అనలేదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో వడ్డీ రాయితీ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు, ఇంటి విలువ 35 లక్షల లోపు, లోన్ 25 లక్షల లోపు ఉండాలి. మొదటి 8 లక్షల మీద 4 శాతం రాయితీ, మొత్తం 1.80 లక్షల వరకు ఐదు వాయిదాల్లో లోన్ ఖాతాలో పడుతుంది. దేశంలో ఎక్కడా మీ పేరున గానీ, మీ ఆవిడ పేరున గానీ పక్కా ఇల్లు ఉండకూడదు. గ్రీమ్స్‌పేట ఇంట్లో మీ పేరున భాగం రాసి ఉందా? ఉంటే అది అడ్డం వస్తుంది, ముందే చూసుకోండి. మీ పేస్లిప్పులు పట్టుకుని బ్యాంకులో ఈ పథకం కింద అర్హత రాతపూర్వకంగా అడగండి. ఈ ఊళ్లో 35 లక్షల లోపు కొత్త ఫ్లాటు దొరకడం గగనం, అందుకే ఈ పథకం ఉందని తెలిసినా ఇక్కడివాళ్లు వాడుకోలేకపోతున్నారు. నాకు దీని మీద చాలా బాధగా ఉంటుంది, ఊరిని బట్టి ఆ పరిమితి ఉండాలి.

క్యాష్ మాత్రం వద్దే వద్దు. ఆస్తి అమ్మకంలో 20,000, ఆ పైన క్యాష్ తీసుకుంటే తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం జరిమానా పడుతుంది. మీకు ఇంకో నష్టం, కాగితం మీద ధర తగ్గితే బ్యాంకు లోన్ కూడా ఆ తగ్గిన ధర మీదే లెక్క వేస్తుంది, అప్పుడు ఆ తేడా మీ చేతి డబ్బే. మొత్తం చెక్కు మీద ఇస్తాను, రిజిస్ట్రేషన్ ఖర్చు నేను పెట్టుకుంటాను అని చెప్పండి, ఒప్పుకోకపోతే వదిలేయండి.


జవాబు: దస్తావేజు లేఖరి

పాత ఫ్లాటులో మీరు కొనేది ముఖ్యంగా యూడీఎస్, అంటే నేలలో మీ వాటా. డాక్యుమెంటులో ఎన్ని గజాలు రాశారో చూడండి. 20 ఏళ్ల కిందట కట్టినవాటిలో వాటా ఇప్పటి కొత్తవాటి కంటే మెరుగ్గా ఉండే వీలుంది, అది పాతదానికి ఉన్న బలం. చెర్లోపల్లి ఆయన చెప్పినట్టు విలువ పెరిగేది నేలకే కాబట్టి ఆ నంబరు మీకు ముఖ్యం.

రెండోది మూడో అంతస్తు అన్నారు. మంజూరైన ప్లానులో మూడో అంతస్తు ఉందా లేక రెండు అంతస్తులకు ప్లాను తీసుకుని పైన వేసుకున్నారా? అప్పట్లో అలా వేసి తర్వాత బీపీఎస్ (అనుమతి లేని కట్టడాలకు జరిమానా పథకం)లో డబ్బు కట్టి క్రమబద్ధం చేసుకున్నవాళ్లు ఉన్నారు, కట్టనివాళ్లూ ఉన్నారు. ప్లానులో లేని అంతస్తుకు బ్యాంకు లోన్ ఇవ్వదు, అప్పుడు పైన లెక్కంతా వృథా. కాబట్టి ఈసీ కంటే ముందు ఇది. అమ్మేవాళ్లను మున్సిపల్ ప్లాను కాపీ అడగండి, లేదంటే కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ సెక్షన్లో తీయించండి. దొరికాక పేర్లు, డోర్ నంబరు కొట్టేసి ఇక్కడ ఫొటో పెట్టండి, నేను చూసి చెబుతాను.


ప్రశ్న అడిగినవారు: ఎమ్మార్‌పల్లి అద్దెదారు

సరే సార్. గ్రీమ్స్‌పేట ఇల్లు ఇంకా నాన్న పేరునే ఉంది, మా పేరున ఏమీ రాయలేదు. బైరాగిపట్టెడ ఫ్లాటు ఓనర్‌గారితో ఇప్పుడే ఫోన్‌లో మాట్లాడాను, ప్లాను కాపీ వాళ్ల అబ్బాయి దగ్గర ఉందట, సోమవారం ఇస్తానన్నారు. క్యాష్ లేకుండా అంటే మాత్రం ఆలోచించి చెబుతామన్నారు. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వను. కొత్త సంవత్సరం అద్దె విషయం మా ఓనర్‌తో 14,000 దగ్గర తేల్చుకుంటున్నాను, ఈ ఫ్లాటు కుదరకపోతే ఇంకో ఏడాది ఈ అద్దె ఇంట్లోనే ఉంటాం.